మానడా, మానలేడా?

ఈ రెండు మాటలకూ మధ్య తేడా ఒక్క అక్షరం. తాగుడుకో, గంజాయికో, నిద్రమాత్రలకో, సూదిమందుకో అలవాటుపడిన మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ రెండూ వినిపిస్తాయి. "ఎన్ని చెప్పినా మానడు" అంటుంది భార్య. "మానలేడు పాపం" అంటుంది తల్లి. ఇద్దరూ చూస్తున్నది ఒకే మనిషిని. ఆ 'లే' అనే అక్షరం ఉన్నదా లేదా అన్నదాని మీద ఆ ఇల్లు అతన్ని ఎలా చూస్తుందో, సంఘం అతన్ని ఏమంటుందో, పాపసంకీర్తనానికి వచ్చి మోకరించినప్పుడు గురువు అతనికి ఏం చెబుతారో అంతా ఆధారపడి ఉంటుంది. తల్లి నోట వచ్చిన ఆ 'పాపం' అన్న మాట కూడా విచిత్రమైనదే. మన భాషలో నేరం మోపినా పాపమే అంటాం, జాలిపడినా పాపమే అంటాం. వ్యసనపరుని విషయంలో ఈ రెండర్థాల్లో ఏది సరైనదో తేల్చుకోవటం తేలిక కాదు.

గత డెబ్బై ఏళ్లలో మెదడును పరిశోధించిన శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు పనికొచ్చే సంగతులు చాలా కనుగొన్నారు. వాటిని పూర్తిగా పట్టించుకోకుండా ఉపదేశాలు ఇవ్వటం మంచిది కాదు. వాటిని సగం విని "అంతా మెదడులోని రసాయనమే, మనిషిదేమీ లేదు" అనుకోవటం కూడా మంచిది కాదు. కాబట్టి కాస్త ఓపికగా మొదటినుంచి చూద్దాం.

1954లో కెనడా దేశంలోని మాంట్రియల్ నగరంలో, మెగిల్ విశ్వవిద్యాలయంలో, జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ఎలుక మెదడులోకి సన్నని తీగ పంపి కొద్దిపాటి విద్యుత్తు ఇచ్చి చూశారు. వాళ్లు అనుకున్న చోట తీగ దిగలేదు, పక్కకు జరిగింది. విద్యుత్తు తగిలితే ఎలుక బెదిరి పారిపోవాలి కదా! ఇది ఏ మూలన ఉన్నప్పుడు విద్యుత్తు తగిలిందో ఆ మూలకే మళ్లీ మళ్లీ వచ్చింది. అప్పుడు వాళ్లు ఒక మీట పెట్టి, దాన్ని నొక్కితే విద్యుత్తు అందేలా చేశారు. ఎలుకలు ఆ మీటను గంటకు వందల సార్లు, తరువాతి ప్రయోగాల్లో వేల సార్లు నొక్కాయి. ఆకలితో ఉన్నా పక్కనున్న తిండి ముట్టకుండా మీట దగ్గరే ఉండిపోయినవీ ఉన్నాయి. పత్రికలు ఆ చోటుకు 'సుఖకేంద్రం' అని పేరు పెట్టాయి. మెదడులో ఒక మీట ఉన్నదని, మత్తుమందు దాన్ని నొక్కుతుందని, ఆ సుఖం కోసమే మనిషి బానిస అవుతాడని చాలాకాలం అందరూ నమ్మారు. ఈ నమ్మకం మన ఉపదేశాల్లో కూడా ఉంది. సుఖలాలస వల్లనే తాగుతాడు అంటాం కదా.

ఆ పేరు తప్పని తేలటానికి ముప్పై అయిదేళ్లు పట్టింది. మెదడులో లోపలెక్కడో ఉన్న కొద్ది నాడీకణాలు డోపమిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. మెదడులో దానికి సొంతపని ఉన్నదని స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్విడ్ కార్ల్‌సన్ 1950ల చివర్లో నిరూపించారు, అందుకు 2000లో నోబెల్ బహుమతి పొందారు. ఓల్డ్స్ గారి ఎలుకల మీట వ్యవహారంలో ఉన్నది ఎక్కువగా ఈ డోపమిన్ దారే. అది సుఖాన్నిచ్చే పదార్థమే అయితే, దాన్ని తీసేస్తే సుఖం పోవాలి. అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెంట్ బెరిడ్జ్ 1980ల చివర్లో ఈ సంగతి పరీక్షించారు. ఎలుకల మెదడులో డోపమిన్ దాదాపు పూర్తిగా లేకుండా చేశారు. ఆ ఎలుకలు తిండి వెతకటం మానేశాయి. గిన్నె ముందు పెట్టినా ముట్టలేదు. అలా వదిలేస్తే ఆకలితో చచ్చిపోయేవే. కాని నాలుక మీద తియ్యటి నీళ్లు చుక్క వేస్తే మాత్రం పసిబిడ్డ పంచదార నాకినట్లు పెదవులు చప్పరించాయి. రుచి తెలుస్తూనే ఉంది, బాగానే ఉంది. పోయింది రుచి కాదు. దానికోసం లేచి వెళ్లాలన్న కోరిక.

తరువాత దీనికి తిరగేసిన ప్రయోగం కూడా చేశారు. మెదడులో విద్యుత్తు పెట్టి ఎలుకల చేత విపరీతంగా తినిపించారు. తింటున్నప్పుడు వాటి ముఖాల్లో మామూలు కంటె ఎక్కువ ఆనందమేమీ కనిపించలేదు. ఒక్కొక్కప్పుడు రుచించనట్టే కనిపించాయి, అయినా తింటూనే ఉన్నాయి.

అంటే 'కావాలి' అన్నది వేరు, 'బాగుంది' అన్నది వేరు. మామూలు జీవితంలో ఇవి రెండూ జోడెడ్లలా కలిసి నడుస్తాయి కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం. 1993లో బెరిడ్జ్, ఆయన సహచరుడు టెరీ రాబిన్సన్ కలిసి ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. మత్తుమందు ఆ 'కావాలి' అనే దారిని రోజురోజుకూ పదును పెడుతుంది, 'బాగుంది' మాత్రం అలా పెరగదు, తరచు తగ్గిపోతుంది. చివరికి మనిషికి ఏమాత్రం సుఖమివ్వని దానికోసం ప్రాణం కొట్టుకులాడే స్థితి వస్తుంది.

ఏళ్ల తరబడి తాగినవాణ్ణి ఎవరినైనా తీరికగా కూర్చోబెట్టి అడగండి. "ఏం సుఖముందండీ ఇందులో? ఏమీ లేదు" అంటాడు. అబద్ధమాడుతున్నాడనుకుంటాం. సుఖం లేకపోతే ఎందుకు తాగుతున్నావని నిలదీస్తాం. అతను చెప్పిన మాట అక్షరాలా నిజం కావచ్చు. మనం సుఖలాలస అని పేరుపెట్టి మందలిస్తున్న చోట అసలు సుఖమే లేదు.

ఇంకొక సంగతి కూడా తెలుసుకోవాలి. స్విట్జర్లండ్‌లోని ఫ్రైబూర్గ్‌లో వోల్‌ఫ్రామ్ షూల్ట్స్ అనే శాస్త్రజ్ఞుడు కోతుల మెదడులోని డోపమిన్ కణాలను ఒక్కొక్కటిగా పరిశీలించారు. అనుకోకుండా పండ్లరసం చుక్క దొరికినప్పుడు ఆ కణాలు చురుగ్గా స్పందించాయి. రసానికి ముందు ప్రతిసారీ ఒక దీపం వెలిగించటం అలవాటు చేశాక, రసం వచ్చినప్పుడు అవి మామూలుగా ఉండిపోయి, దీపం వెలిగినప్పుడు స్పందించటం మొదలుపెట్టాయి. దీపం వెలిగాక రసం రాకపోతే, రావలసిన ఆ క్షణానికి వాటి స్పందన పడిపోయింది. 1997లో ఆయన, మరి ఇద్దరు గణిత నిపుణులు కలిసి దీని అర్థం వివరించారు. ఆ కణాలు చెబుతున్నది 'సుఖంగా ఉంది' అని కాదు, 'అనుకున్నదానికంటె ఎక్కువ దొరికింది, గుర్తుపెట్టుకో' అని. ఒకసారి నేర్చుకున్నాక ఇక ఆ మాట చెప్పవలసిన అవసరం ఉండదు. అందుకే పండుగ పూట పరమాన్నం మొదటి గిన్నె ఉన్నట్టు మూడో గిన్నె ఉండదు.

మత్తుమందులు ఈ లెక్కను పాడుచేస్తాయి. కొకెయిన్ విడుదలైన డోపమిన్‌ను వెనక్కు తీసుకుపోనివ్వదు. నల్లమందు, హెరాయిన్ జాతివి ఆ కణాలను అదుపులో పెట్టే కళ్లేలను సడలిస్తాయి. పొగాకులోని నికోటిన్ వాటిని నేరుగా తడుతుంది. సారా చుట్టుదారిన వచ్చినా చేరేది అక్కడికే. అనుకున్నది ఎంతైనా సరే, రసాయనం బలవంతంగా వచ్చి పడుతుంది కాబట్టి 'ఎక్కువ దొరికింది, గుర్తుపెట్టుకో' అన్న అబద్ధపు సందేశం ప్రతిసారీ వెళుతూనే ఉంటుంది. వందసార్లు, వెయ్యిసార్లు వెళుతుంది. దాంతోపాటు చుట్టుపక్కల ఉన్న ప్రతి ఆనవాలూ నేర్చుకోబడుతుంది. సందు మలుపు, జీతం రోజు, స్నేహితుని ఈల, గ్లాసుల చప్పుడు. మన ఊళ్లలోని వైన్ షాపు బోర్డు కూడా. అక్కడ వైను తప్ప మిగతావన్నీ అమ్ముడవుతాయన్నది వేరే సంగతి. ఆరునెలలు మానినవాడు ఆ బోర్డు ముందునుంచి నడిచి వెళుతుంటే, అతను నిర్ణయించుకోకముందే అతని మెదడులో దీపం వెలిగినట్టవుతుంది.

వాడుక సాగుతున్నకొద్దీ మెదడు తనను తాను రక్షించుకోవటానికి డోపమిన్‌ను అందుకునే గ్రాహకాలలో కొన్నింటిని తగ్గించుకుంటుంది. 1990ల మొదట్లో నోరా వోల్కోవ్, ఆమె సహపరిశోధకులు కొకెయిన్ వాడినవారి మెదళ్లను చిత్రాలు తీసి చూపించారు. మానిన కొన్ని నెలల తరువాత కూడా ఆ గ్రాహకాలు తక్కువగానే ఉన్నాయి. నుదుటి వెనుక, మంచిచెడులు తూచి 'వద్దు' అని చెప్పే భాగం కూడా మందకొడిగా ఉంది. ఇలాంటివాడికి బిడ్డ నవ్వు, భోజనం రుచి, గుడిపండుగ సందడి అన్నీ చప్పబడిపోయి ఉంటాయి. బిడ్డ మీద ప్రేమ లేదని మనం అనుకుంటాం.

ఇన్ని చెప్పాక "అయితే పాపమే లేదంటారా?" అని మీరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. 1997లో అమెరికా జాతీయ మాదకద్రవ్య పరిశోధన సంస్థకు అధిపతిగా ఉన్న ఆలన్ లెష్నర్ వ్యసనం మెదడు జబ్బేనని గట్టిగా వాదిస్తూ ఒక వ్యాసం వ్రాశారు. ఆ వాదన వల్ల చాలా మేలు జరిగింది. ఖైదుకు పోవలసినవాళ్లు ఆస్పత్రికి చేరారు. కాని జబ్బు అన్న ఒక్కమాటతో సంగతంతా తేలిపోతుందని నేను అనుకోను. ఎందుకంటే దానికి ఎదురు నిలిచే సాక్ష్యాలు కూడా ఉన్నాయి.

వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనికులకు అక్కడ హెరాయిన్ చవకగా, స్వచ్ఛంగా దొరికేది. 1971లో ఇంటికి బయలుదేరే ప్రతి సైనికుడికీ మూత్రపరీక్ష పెట్టారు. మందు కనబడితే విమానం ఎక్కనివ్వరు. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు ఆ సంవత్సరం సెప్టెంబరులో తిరిగివచ్చినవారిలో దాదాపు 900 మందిని కలుసుకొని వివరంగా ప్రశ్నించారు. వియత్నాంలో ఉండగా దాదాపు సగం మంది నల్లమందో, హెరాయినో రుచి చూశారు. అయిదుగురిలో ఒకరు దానికి బానిసయ్యామని చెప్పారు. దేశం వణికిపోయింది, ఇంతమంది బానిసలు వీధుల్లోకి వస్తే ఏమిటి గతి అని. జరిగింది వేరు. అక్కడ బానిసలైనవారిలో ఇంటికి వచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవారు సుమారు నూటికి అయిదుగురు. మూడేళ్లలో లెక్కవేసినా పన్నెండుగురే. వీరిలో చాలామంది ఏ చికిత్సా తీసుకోలేదు. మొదట ఈ లెక్కలు చూసి నమ్మనివారే ఎక్కువ.

మరొక సాక్ష్యం. 1990ల మొదట్లో వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ హిగ్గిన్స్ కొకెయిన్ వ్యసనపరులకు ఒక విధానం పెట్టారు. మూత్రపరీక్షలో మందు లేదని తేలిన ప్రతిసారీ ఒక వోచరు ఇస్తారు. దాంతో ఇంటికి కావలసిన వస్తువులు తీసుకోవచ్చు. అందరు తరిమేసినవాళ్లు, ఎన్నో ప్రయత్నాల్లో ఓడిపోయినవాళ్లు కూడా ఆ వోచర్ల కోసం వారాల తరబడి మందు ముట్టకుండా ఉన్నారు. ఇదే పద్ధతిని తరువాత ఎన్నోచోట్ల పరీక్షించారు, పనిచేసింది. మలేరియా వచ్చినవాడికి వోచరు ఇస్తానంటే జ్వరం దిగదు కదా! కాబట్టి వ్యసనం మలేరియా వంటి జబ్బు కాదు. చిత్తం చచ్చిపోలేదు, నీరసించింది.

అయితే ఇక్కడ తొందరపడి "చూశారా, కావాలనుకుంటే మానగలడు" అని భార్య పక్షాన తీర్పు చెప్పేయకూడదు. ఆ సైనికులకు ఏం జరిగిందో చూడండి. వాళ్లు విమానమెక్కి పదివేల మైళ్లు దాటి వచ్చారు. దీపం వెలిగించే ఆనవాళ్లన్నీ సైగాన్‌లో ఉండిపోయాయి. ఇక్కడ ఇల్లు, పని, తల్లి, భార్య, ఎదురుచూసే ఊరు ఉన్నాయి. మన ఊరి తాగుబోతు ఎక్కవలసిన విమానం ఏదీ? అతను మానాలంటే అదే సందులో, అదే మిత్రులమధ్య, అదే అప్పుల్లో ఉండి మానాలి. వోచర్లు కూడా అంతే, రోజూ ఎవరో ఒకరు తన కోసం ఎదురుచూసి, పరీక్షించి, 'శభాష్' అని చేతిలో ఏదో పెట్టే ఏర్పాటు ఉన్నప్పుడు పనిచేశాయి. నీరసించిన చిత్తానికి ఊతకర్ర కావాలి, అంతే తప్ప అది లేదని కాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఈ సంగతి ఏ ప్రయోగశాలా లేకుండానే గ్రహించారు. మగవాళ్లకు బుద్ధులు చెప్పటం మానేసి సారా దుకాణం మీదికి వెళ్లారు. ఆ ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఆ నిషేధం మంచిచెడుల గురించి వేరే వాదనలున్నాయి, వాటి జోలికి ఇప్పుడు పోను.

ఇక మన శ్రీసభ ఏమంటున్నది? 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2291వ పేరాలో, చికిత్స కోసం తప్ప మాదకద్రవ్యాలు వాడటం ఘోరమైన దోషమని చెబుతుంది. అదే గ్రంథం 1735వ పేరాలో, అజ్ఞానం, భయం, బలవంతం, అలవాటు, హద్దుమీరిన బంధాలు మొదలైనవి ఒక క్రియకు మనిషి బాధ్యతను తగ్గించవచ్చు, ఒక్కొక్కప్పుడు లేకుండా కూడా చేయవచ్చు అని చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి చదవాలి. మొదటిది చేసిన పని ఎంత బరువైనదో చెబుతున్నది. రెండవది ఆ బరువు ఈ మనిషి భుజాన ఎంత పడుతుందో ఆలోచించమంటున్నది. చాలామంది విశ్వాసులు మొదటి పేరా తెలిసి రెండవది తెలియకుండా జీవితమంతా గడిపేస్తారు.

"మొదటి గ్లాసు స్వేచ్ఛగానే పట్టాడు కదా" అనే వాదన ఒకటుంది. నైతిక వేదాంతులు దీన్ని ఎప్పుడో గుర్తించారు. కారణాన్ని తెలిసి ఎంచుకున్నవాడు ఫలితానికి కూడా కొంత బాధ్యుడే అని. ఇందులో న్యాయముంది. కాని మొదటి గ్లాసు పట్టే వయస్సేమిటి? పదిహేను, పదహారు. వద్దని చెప్పే మెదడు భాగం పూర్తిగా ఎదగటానికి ఇరవై దాటి మరికొన్నేళ్లు పడుతుంది. చాలాసార్లు ఆ గ్లాసు చేతికి అందించింది మేనమామో, పెళ్లివారి విందో. అప్పుడు ఆ బాధ్యతలో వాటాదారులు మరికొందరున్నారన్నమాట.

చైనా దేశానికి చెందిన పునీత మార్కు జీ తియన్‌షియాంగ్ గారి కథ ఈ విషయంలో నాకు అన్నిటికంటె ఎక్కువగా ఆలోచన రేపుతుంది. ఆయన 1834లో పుట్టిన కతోలిక వైద్యుడు. బీదలకు ఉచితంగా వైద్యం చేసేవాడు. నడివయసుకు ముందే ఆయనకు తీవ్రమైన కడుపునొప్పి జబ్బు వచ్చింది. ఆ రోజుల్లో దానికి వాడే మందు నల్లమందే. జబ్బు తగ్గింది, నల్లమందు మాత్రం పట్టుకుంది. ఆయన ఒప్పుకొని పాపసంకీర్తనం చేశాడు. మళ్లీ వాడాడు, మళ్లీ చేశాడు. చివరికి ఆయన సంకీర్తనం వినే గురువు, నీకు నిజంగా మారాలన్న తీర్మానం లేదు, తీర్మానం వచ్చేదాకా రావద్దు అన్నారు. ఆ కాలపు జ్ఞానం అంతే. అప్పటినుంచి సుమారు ముప్పై ఏళ్లు ఆయనకు పాపవిమోచనం లేదు, దివ్యసత్ప్రసాదం లేదు.

ఆయన గుడికి వెళ్లటం మానలేదు. అది గమనించండి. నల్లమందు మానలేకపోయినవాడు గుడి మానలేదు. ఊరంతా ఎరిగిన వ్యసనపరుడు, అందరూ సత్ప్రసాదానికి లేచి వెళుతుంటే తన చోట కూర్చుండిపోయే వైద్యుడు, ఆదివారం తరువాత ఆదివారం, ముప్పై ఏళ్లు వచ్చాడు. వేదసాక్షిగా చనిపోయే భాగ్యమివ్వమని దేవుణ్ణి వేడుకొనేవాడట. 1900లో బాక్సర్ల తిరుగుబాటులో క్రైస్తవులను వేటాడినప్పుడు ఆయన కుటుంబంతో సహా పట్టుబడ్డాడు. విశ్వాసం వదులుకుంటే ప్రాణం దక్కేది. వదులుకోలేదు. తనవాళ్లలో ఎవరూ ఒంటరిగా చావకూడదని, తనను అందరికంటె చివర చంపమని కోరాడని, మరియమ్మగారి ప్రార్థనమాల పాడుతూ ప్రాణమిచ్చాడని సంప్రదాయం చెబుతుంది. ఆనాటికి ఆయన వ్యసనం నుంచి బయటపడ్డాడనటానికి ఆధారమేమీ లేదు. 2000 అక్టోబరు 1న రెండవ జాన్‌పాల్ పోపుగారు చైనా వేదసాక్షులు 120 మందిని పునీతులుగా ప్రకటించినప్పుడు ఆ జాబితాలో ఈయన పేరు కూడా ఉంది.

స్వేచ్ఛ అనేది మనిషిలో దీపం వెలుతురులా అన్నిచోట్లా ఒకేలా పరచుకొని ఉండదని ఈయనను చూస్తే తెలుస్తుంది. ఒకచోట కాళ్లు విరిగినవాడు, మరొకచోట అందరికంటె నిటారుగా నిలబడగలిగాడు. నల్లమందు గొట్టం ముందు 'వద్దు' అనలేని నోరే కత్తి ముందు 'వద్దు' అన్నది. కాబట్టి ఒక వ్యసనపరుణ్ణి చూసినప్పుడు 'ఇతనికి స్వేచ్ఛ ఉన్నదా లేదా' అన్న ప్రశ్నకంటె 'ఇతనికి స్వేచ్ఛ ఎక్కడెక్కడ మిగిలి ఉన్నది' అన్న ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది. మానటం అతని చేతిలో లేకపోవచ్చు. చికిత్సకు వెళ్లటం చేతిలో ఉండవచ్చు. సాయంత్రం ఆరుగంటలకు 'వద్దు' అనలేకపోవచ్చు, ఉదయం ఎనిమిదింటికి జీతం భార్య చేతికి ఇచ్చెయ్యగలడు. ఆ సందు దాటి వేరే దారిన ఇంటికి రాగలడు. అతని బాధ్యత అక్కడ ఉంది, అక్కడ దాన్ని తగ్గించి చూపటం అతనికి మేలు చేయదు. పాపసంకీర్తనంలో 'ఇక జన్మలో తాగను' అన్న తీర్మానం కంటె 'సోమవారం డాక్టరు దగ్గరకు వెళతాను' అన్న తీర్మానం నిజాయితీగలదని నా అభిప్రాయం.

అందుకే బైబిలు మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించే అలవాటు నాకు నచ్చదు. ఇష్టపూర్వకంగా చేసిన ప్రతిజ్ఞ వేరు. డబ్లిన్ కూలీ మాట్ టాల్బట్ గారు 1884లో చేసిన ప్రతిజ్ఞను 1925లో చనిపోయేదాకా నిలబెట్టుకున్నారు. పదిమందిలో నిలబెట్టి, కన్నతల్లి ఏడుస్తుంటే, బలవంతాన వేయించిన ఒట్టు నాలుగు రోజుల్లో తప్పిపోతుంది. ఆ తరువాత అతను తాగుబోతు మాత్రమే కాదు, ఒట్టు తప్పినవాడు కూడా. ఇక గుడి ఛాయలకు రాడు.

గదిలో పెట్టి తాళం వేయటం ఇంకా ప్రమాదం. హెరాయిన్ ఒక్కసారిగా మానితే నరకయాతన, కాని సాధారణంగా ప్రాణం పోదు. ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా మానితే రెండు మూడు రోజుల్లో మూర్ఛలు, వణుకు, లేనివి కనబడి కేకలు వేయటం మొదలై ప్రాణాలే పోవచ్చు. నిద్రమాత్రల జాతివి కూడా అంతే. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం, డైజిపామ్ ఆ జాతివే. 2015లో నిజామాబాదు ప్రాంతంలో కల్తీ కల్లు సరఫరా ఒక్కసారిగా తగ్గినప్పుడు పిచ్చి చూపులతో, మూర్ఛలతో ఆస్పత్రుల్లో చేరినవాళ్ల గురించి పత్రికలు వ్రాశాయి. తాము తాగుతున్నది మాత్రల పొడి అని కూడా వారిలో చాలామందికి తెలియదు. మానిపించటం డాక్టరు పర్యవేక్షణలో జరగాలి. కొన్నాళ్లు మానినవాడు పాత మోతాదు హెరాయిన్ ఒకేసారి తీసుకుంటే, శరీరం ఆ అలవాటు మరిచిపోయి ఉంటుంది కాబట్టి, ఊపిరి ఆగిపోవచ్చు. చికిత్స ముగించుకొని ఇంటికి వచ్చిన మొదటి వారాలే అన్నిటికంటె గండం.

కొందరికి డాక్టర్లు బుప్రినార్ఫిన్, మెథడోన్ వంటివి ఏళ్ల తరబడి ఇస్తారు. "ఒక మత్తు పోయి ఇంకో మత్తు" అని విచారణలో గుసగుసలాడతారు. అవి నెమ్మదిగా, నిలకడగా పనిచేస్తాయి, ఉవ్వెత్తున లేచి పడవు. వాటి మీద ఉన్న మనిషి పనికి వెళ్లగలడు, బిడ్డను ఎత్తుకోగలడు. 1960ల మధ్యలో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అనే ఇద్దరు డాక్టర్లు మొదలుపెట్టిన ఈ పద్ధతి ఎంతోమందిని బ్రతికించింది. గుసగుసలు మానితే బాగుంటుంది.

ఇక భార్య సంగతి. ఇంతసేపూ తల్లి పక్షాన మాట్లాడినట్టు కనబడితే అది న్యాయం కాదు. అతని మెదడులో ఏం జరుగుతున్నా ఆమె వీపు మీద పడే దెబ్బ దెబ్బే. జాలి అంటే అప్పు చేసి డబ్బివ్వటం కాదు, దెబ్బలు ఓర్చుకోవటం కాదు, పిల్లల్ని ఆ ఇంట్లోనే ఉంచి భయంతో పెంచటం కాదు. 'నీ మీద కోపం లేదు, కాని నువ్వు చికిత్సకు వెళ్లేదాకా నేనూ పిల్లలూ పుట్టింట్లో ఉంటాం' అనటం క్షమ లేకపోవటమేమీ కాదు. అలాంటి స్త్రీకి "ఓర్చుకో తల్లీ, సిలువ మొయ్యి" అని చెప్పే పెద్దలు ఆ సిలువను ఒక్క రాత్రి మోసి చూడాలి.

మన దేశంలో 2019లో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం మద్యం వల్ల సహాయం అవసరమైన స్థితిలో ఉన్నవారు సుమారు 5 కోట్ల 70 లక్షలు. అందులో మన విచారణలవాళ్లు కూడా ఉంటారు. ఆదివారం వెనుక బల్ల మీద కూర్చొని, సత్ప్రసాదానికి లేవకుండా, పూజ ముగియకముందే వెళ్లిపోయేవారిలో కొందరు వాళ్లే కావచ్చు.

1939లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో పునీత తోమాసు ఆస్పత్రిలో రోగులను చేర్చుకొనే బల్ల దగ్గర సిస్టర్ ఇగ్నేషియా అనే ఐరిష్ మఠకన్య పనిచేస్తుండేది. తాగుబోతులను అప్పట్లో ఆస్పత్రులు చేర్చుకొనేవి కావు. డాక్టర్ బాబ్ స్మిత్, నాలుగేళ్ల క్రితం అదే ఊళ్లో మరొక తాగుబోతుతో కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘాన్ని మొదలుపెట్టినవాడు, ఒక రోగిని తీసుకువచ్చాడు. ఆమె ఆగస్టు 16న ఆ మనిషిని కడుపువాపు జబ్బు అని పేరు వ్రాసి చేర్చుకొన్నది. తరువాతి సంవత్సరాల్లో ఆమె చేతులమీదుగా వేలమంది వచ్చి వెళ్లారు. ఆస్పత్రి నుంచి వెళ్లే ప్రతివారికీ ఆమె ఒక చిన్న తిరుహృదయ బిళ్ల ఇచ్చేది. ఒట్టు వేయించేది కాదు. మళ్లీ తాగాలనిపిస్తే తాగటానికి ముందు ఆ బిళ్లను తన దగ్గరకు తెచ్చి, తన చేతికి తిరిగి ఇచ్చెయ్యాలి. ఆమె అడిగిన మాట అదొక్కటే.